రెండు నలభై ఏడుకి మార్చిన ఫ్లూటు

మా బావగారి స్టూడియో మెట్లెక్కేసరికి మధ్యాహ్నం మూడుగంటల పది నిమిషాలయింది. ఐదింటికి ఆ అమ్మాయి సంతకం పెట్టాలి. అంటే నా చేతిలో ఉన్నది గంటా యాభై నిమిషాలు. అందులో పది నిమిషాలు బావగారే తినేస్తారని నాకు ముందే తెలుసు.

"వచ్చావా మరదలా! ముందు కూర్చో, కాఫీ తాగు," అన్నారాయన.

"కాఫీ తర్వాత. కేసు చెప్పండి. అక్కయ్య ఫోన్లో ఏడుస్తూ చెప్పింది, సగం అర్థం కాలేదు."

"మీ అక్కకి ఏడుపు ముందు, మాట తర్వాత. ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నాను."

"మీలాంటి మొగుడు దొరికితే ఎవరైనా అంతే. చెప్పండి."

నేను ప్రైవేట్ డిటెక్టివ్‌ని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. దొంగ వీలునామాలు, మాయమైన నగలు, పీటల మీద నుంచి పారిపోయిన పెళ్ళికొడుకులు, అన్నీ చూశాను. సంగీతం మాత్రం ఒంటబట్టలేదు. వంటింట్లో నేను కూనిరాగం తీస్తే మావారు కుక్కర్ విజిల్ అనుకుని స్టవ్ కట్టేస్తారు. మోకాళ్ళ నొప్పి తప్ప జీవితంలో నాకు లోటేమీ లేదు. చేతిలో కేసు పడితే ఆ నొప్పి కూడా గుర్తుండదు.

విషయం ఇదీ. బావగారు ఒక సినిమాకి ఎనిమిది నెలలుగా సంగీతం చేస్తున్నారు. సినిమాకంతటికీ ప్రాణంలాంటి ట్యూను ఒకటుంది, ఫ్లూటు మీద వస్తుంది. సినిమా ఇంకా విడుదల కాలేదు, ట్యూను బయట ఎవరూ వినలేదు. నిన్న పొద్దున టీవీ పెడితే ఒక పరుపుల కంపెనీ ప్రకటనలో ఆ ట్యూనే, అక్కడక్కడా స్వరాలు మారి, మోగింది. పది సెకన్లు. నిర్మాత ఒంటికాలి మీద లేచాడు. గంటలో ఒక పెద్ద ఏజెన్సీ నుంచి పరిశోధకుణ్ణి పిలిపించాడు. ఆ పరిశోధకుడు సాయంత్రానికల్లా దొంగ దొరికిందన్నాడు. ఎవరంటే, బావగారి దగ్గర ఆరేళ్ళుగా ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్న అమ్మాయి.

ప్రోగ్రామర్ అంటే బావగారు కీబోర్డు మీద వాయించినదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, చుట్టూ వాయిద్యాలు పేర్చి, పాటగా నిలబెట్టే మనిషి. ఆరేళ్ళ చాకిరీ తర్వాత ఈ సినిమాలో మొదటిసారి ఆమె పేరు తెరమీద విడిగా పడబోతోంది. ఐదింటికి నిర్మాత వస్తాడు. 'ట్యూను నేనే బయటికి ఇచ్చాను' అని టైపు చేసిన కాగితం మీద ఆమె సంతకం పెడితే పోలీసుల దాకా వెళ్ళరు. కాకపోతే తెరమీద పేరు పోతుంది, పని పోతుంది, ఇక ఏ స్టూడియో గడపా ఎక్కలేదు. పెట్టకపోతే ఆరింటికి కేసు.

"మీరేమంటారు బావగారూ? ఆ పిల్ల చేసిందా?"

"మా ఇంటి తాళాలు ఆ పిల్ల దగ్గరుంటాయి. ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో నాకు తెలీదు, దానికి తెలుసు. ఆ పరిశోధకుడేమో కాగితాలు చూపిస్తాడు. నేనేం చూపించను మరదలా? నా దగ్గర నమ్మకం తప్ప ఏముంది?"

బావగారు ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదు.

*

అమ్మాయి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బాయి గానీ మాట తిన్నగానే ఉంది.

"పోయిన నెల ఆఖరి సోమవారం మధ్యాహ్నం, రెండు నలభైకి నీ పాస్‌వర్డ్‌తో కంప్యూటర్ తెరిచారట. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"కళ్ళ డాక్టరు దగ్గర మేడమ్. అమ్మని తీసుకెళ్ళాను. పన్నెండున్నరకి ఇక్కణ్ణుంచి బయల్దేరాను, తిరిగొచ్చేసరికి నాలుగున్నర."

"చూసినవాళ్ళు?"

"అమ్మే. ఆ జనంలో నా మొహం ఇంకెవరికీ గుర్తులేదట."

"ఇంకేం, సాక్షి ఉందిగా!"

"అమ్మ కళ్ళలో చుక్కలు వేసి రెండు గంటలు మూసుకుని కూర్చోమన్నారు. నేను పక్కనే ఉన్నాను. కానీ ఆ సార్ నిన్న అమ్మకి ఫోన్ చేసి, 'మీ అమ్మాయి పక్కనే ఉందని మీరు కళ్ళారా చూశారా?' అని అడిగారు. అమ్మ అబద్ధం చెప్పదు. చూడలేదంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

"కీబోర్డు కింద చీటీ అంటించి ఉంటుంది. మాస్టారు మర్చిపోతారని. ఈ స్టూడియోలో కాలు పెట్టిన వాళ్ళందరికీ తెలుసు."

"ఆ మధ్యాహ్నం మాస్టారు ఏం చేస్తున్నారు?"

"జలుబు మాత్ర వేసుకుని పైగదిలో నిద్రపోయారట. నాలుగింటికి లేచారు."

అంటే రెండు నలభైకి కంప్యూటర్ గదిలోకి ఎవరైనా వచ్చి ఉండొచ్చు. అదే నేను అనుకుంటుంటే ఆ అమ్మాయి నెమ్మదిగా అంది, "సంతకం పెట్టేద్దామనుకుంటున్నాను మేడమ్. పోలీసులు గుమ్మంలోకి వస్తే మాస్టారు తట్టుకోలేరు."

"నీ తలకాయ! చేయని పనికి నువ్వు సంతకం పెడితే ఆయన తట్టుకుంటాడా? ఐదింటి దాకా పెన్ను ముట్టుకున్నావంటే ఊరుకోను."

గట్టిగానే కసురుకున్నాను. ఎందుకో ఆ పిల్ల కాస్త తేలికపడినట్టు కనిపించింది.

*

కంప్యూటర్ గదిలో బావగారి కుర్చీలో ఏజెన్సీ పరిశోధకుడు కూర్చుని ఉన్నాడు. ఈయనతో నాకు పాత లెక్కలున్నాయి. రెండు కేసుల్లో ఎదురుపడ్డాం, ఒకటి ఆయన గెలిచాడు, ఒకటి నేను. ఏం అడిగినా 'ఫైల్లో ఉంది' అంటాడు కాబట్టి నేను ఫైలుగారని పిలుస్తాను. ఆయనకి ఆ పేరు తెలుసు. నచ్చదని కూడా నాకు తెలుసు.

"లేవండి ఫైలుగారూ. అది మా బావగారి కుర్చీ."

"మీరు బంధువులు మేడమ్. ఈ కేసులో మీ మాట చెల్లదు."

"మీకు జీతమిచ్చేది నిర్మాత. మీ మాట ఎలా చెల్లుతుందో!"

"నా జీతం ఆధారాలు వెతకడానికి. అవి ఫైల్లో ఉన్నాయి." ఒక కాగితం నా ముందుకు తోశాడు. "పాట తయారుచేసే సాఫ్ట్‌వేర్ తన డైరీ తానే రాసుకుంటుంది. ఏ నిమిషానికి ఎవరేం చేశారో. చదువుకోండి."

చదివాను. ఆ సోమవారం మధ్యాహ్నం ఐదు లైన్లున్నాయి. రెండు నలభైకి అమ్మాయి పాస్‌వర్డ్‌తో పాట తెరిచారు. రెండు నలభై మూడుకి ఫ్లూటు ప్లగిన్ లోడ్ కాలేదు. రెండు నలభై ఏడుకి దాని స్థానంలో వేరే ఫ్లూటు పెట్టారు. రెండు యాభై ఎనిమిదికి పాట మొత్తాన్ని ఆడియోగా బయటికి తీశారు. మూడూ ఒకటికి సేవ్ చేయకుండా మూసేశారు. మొదటి లైనుకీ, నాలుగో లైనుకీ పసుపు రంగు పూసి ఉంది. కింద 'గుర్తుపట్టకుండా ప్రకటనలో ట్యూను మార్చారు' అని ఆయన చేతిరాత.

"మధ్యలో ఈ రెండు లైన్లకి పసుపు పూయలేదేం?"

"అవి సాంకేతిక గొడవలు మేడమ్. ప్లగిన్లు మొరాయించడం ప్రతి స్టూడియోలో రోజూ ఉండేదే."

"రోజూ ఉండేదైతే ఎవరేం చేస్తారో కూడా రోజూ ఒకేలా ఉంటుంది కదా?"

ఆయన భుజాలెగరేశాడు. నేను అమ్మాయినీ బావగారినీ లోపలికి పిలిచాను. గడియారంలో మూడు నలభై అయింది.

"అమ్మాయ్, నేను సంగీతంలో మొద్దుని. నాకర్థమయ్యేలా చెప్పు. ప్లగిన్ అంటే ఏంటి?"

"కంప్యూటర్లో ఉండే వాయిద్యం మేడమ్. ఫ్లూటు ఊదే మనిషి ఉండడు. మనం కీబోర్డు మెట్టు నొక్కితే ఫ్లూటు పలుకుతుంది. మాస్టారి ఫ్లూటు పదిహేనేళ్ళ కిందటిది. ఆయన స్నేహితుడు ఒకాయన తయారుచేసి ఇచ్చారు. ఆయన పోయారు. దాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌కి తగ్గట్టు మార్చేవాళ్ళు ఇక లేరు. పాత సాఫ్ట్‌వేర్‌లో పలుకుతుంది. కొత్తదానికి ఇది అసలు వాయిద్యమనే తెలియదు."

"మరి కొత్తది ఎందుకు పెట్టుకున్నారు?"

ఆమె కంప్యూటర్ తెర అంచు చూపించింది. ఎర్ర సిరాతో రాసిన చీటీ అంటించి ఉంది: 'సినిమా పూర్తయ్యేదాకా అప్‌డేట్ ముట్టుకోరాదు.'

"ఎవరు ముట్టుకున్నారు?"

బావగారు పైకప్పు వంక చూస్తున్నారు.

"బావగారూ!"

"అది కాదు మరదలా. తెర మీద ఆ పెట్టె మాటిమాటికీ వచ్చి 'సరేనా, సరేనా' అని అడుగుతోంది. వారం రోజులు కాదన్నాను. మళ్ళీ వచ్చింది. ఎన్నిసార్లని కాదంటాం? మొహమాటానికి 'సరే' నొక్కేశాను."

"కంప్యూటర్ దగ్గర మొహమాటమా!"

"పద్ధతిగా అడుగుతోంది మరి."

నేనూ అమ్మాయీ ఒకేసారి నవ్వేశాం. ఫైలుగారు కూడా పెదవి కొరుక్కున్నాడు. అయితే డిటెక్టివ్‌కి నవ్వులో కూడా టైము కావాలి. ఎన్నింటికి నొక్కారని అడిగాను. ఆ సోమవారమే, పదకొండూ పదికి. అప్పటికి అమ్మాయి గాయకుల గదిలో వేరే కంప్యూటర్ మీద పనిలో పడింది. అక్కణ్ణుంచే డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయింది. ఫ్లూటు మూగబోయిందని ఆమెకి మంగళవారం పొద్దున గానీ తెలియలేదు.

"తెలిశాక ఏం చేశావు?"

"ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను."

ముసలమ్మ అంటే పక్కగదిలో ఉన్న పాత కంప్యూటర్. దానికి అప్‌డేట్లు లేవు, ఇంటర్నెట్టే లేదు. రెండేళ్ళ కిందట ఇలాంటి గొడవే వచ్చినప్పట్నుంచి, ఫ్లూటు పలకకపోతే పాటని మోసుకుని ముసలమ్మ దగ్గరికి పోవడమే ఈ స్టూడియో పద్ధతి. పాటని ప్రతి రోజూ రెండు చోట్లా దాస్తారు. రెండు వారాలుగా అక్కడే పని నడుస్తోంది.

"ఇంకో ఫ్లూటు పెట్టుకుంటే సరిపోదా? రెండు నలభై ఏడుకి ఎవరో పెట్టినట్టు?"

"అయ్యో, పెట్టకూడదు మేడమ్!" అమ్మాయి నిజంగానే కంగారుపడింది. తర్వాత బావగారి వైపు చూసింది, చెప్పనా అన్నట్టు.

బావగారి మొహం ఎర్రబడింది. "చెప్పు. పరువు ఎలాగూ మిగల్లేదు."

విషయం ఏమిటంటే, మా బావగారు చిన్నప్పుడు నేర్చుకున్న హార్మోనియానికి నల్లమెట్లు సగం ఊడిపోయి ఉండేవట. ఉన్న తెల్లమెట్ల మీదే వేళ్ళు తిరిగాయి. ఈ వయసులో కూడా ఆయన తెల్లమెట్లు దాటి వాయించలేరు. ఆ సంగతి తెలిసిన స్నేహితుడు ఫ్లూటు ప్లగిన్‌లోనే ఒక మీట పెట్టి ఇచ్చాడు. బావగారు తెల్లమెట్లు నొక్కుతారు. ఫ్లూటు లోపల గాంధారం, ధైవతం ఒక్కొక్క మెట్టు కిందికి దిగి పలుకుతాయి. దాంతో ఆ ట్యూనుకి దుఃఖం వస్తుంది. కంప్యూటర్లో నమోదయ్యేది మాత్రం ఆయన నొక్కిన తెల్లమెట్లే.

"అంటే," అన్నాను మెల్లగా, "ఈ ఫ్లూటు తీసి ఇంకోటి పెడితే..."

"ట్యూను మారిపోతుంది మేడమ్. ఇంకో పాటయిపోతుంది."

"పెట్టి చూపించు."

"వద్దన్నాగా..."

"సేవ్ చేయకుండా మూసేద్దువు. పెట్టు."

పెట్టింది. స్పీకర్లోంచి ట్యూను వచ్చింది. నా కాలు దానంతటదే తాళం వేసింది. హాయిగా, గంతులేసుకుంటూ, మంచం మీదికి దూకే పిల్లాడిలా ఉంది. ఫైలుగారు తన ఫోన్ తీసి పరుపుల ప్రకటన పెట్టాడు. అక్షరం పొల్లుపోకుండా అదే.

తర్వాత అందరం పక్కగదిలో ముసలమ్మ దగ్గరికి వెళ్ళాం. అది నిద్రలేవడానికి ఆరు నిమిషాలు పట్టింది. అమ్మాయి పాట తెరిచింది, పాత ఫ్లూటు పలికింది. నాకు సంగీతం రాదని చెప్పాను కదా. అయినా పోయిన మా అమ్మ గుర్తొచ్చింది. ముక్కు తుడుచుకుంటూ చూస్తే ఫైలుగారు కళ్ళజోడు తీసి అద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆయన మీద నాకు కొంచెం గౌరవం కలిగింది, చెప్పలేదు.

"ప్రకటనలో ట్యూను గుర్తుపట్టకుండా మార్చారని రాశారు కదా మీ ఫైల్లో," అన్నాను. "ఎవరూ మార్చలేదండీ. దొంగకి అసలు ట్యూను సరిగ్గా తెలియనే తెలియదు. పాట తెరిచాడు, ఫ్లూటు పలకలేదు. ముసలమ్మ సంగతి తెలియదు, మీట సంగతి తెలియదు. చేతికందిన ఫ్లూటు పెట్టేసి, వచ్చిందే ట్యూను అనుకుని పట్టుకుపోయాడు. ఈ అమ్మాయి ఆరేళ్ళుగా ఈ ఫ్లూటుతో కాపురం చేస్తోంది. ఈమె అంత పప్పులో కాలేస్తుందా?"

గెలిచేశాననుకున్నాను. నాలుగు ఇరవై ఐదు.

ఫైలుగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "బాగుంది మేడమ్. కానీ అన్నీ తెలిసిన మనిషే కావాలని ఫ్లూటు మార్చి ఉండొచ్చు. పట్టుబడితే 'నేనైతే ఇలా చేయను కదా' అనడానికి. పాస్‌వర్డ్ ఆమెదే. ఆ టైములో ఆమెని చూసినవాళ్ళు లేరు. మీరు చెప్పినదాంతో ఆమె చేయలేదని తేలదు."

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి మొహంలో రంగు మళ్ళీ పోయింది. ఆయన మీద ఒళ్ళు మండింది గానీ ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ప్రకటన పది సెకన్లు. బయటికి తీసింది పాట మొత్తం.

"అమ్మాయ్, పది సెకన్లలో పాట ఎంత వచ్చింది?"

"మొదటి రెండు లైన్లే మేడమ్."

"తర్వాత?"

"మూడో లైను ఉంది. అది మాస్టారు ఆ సోమవారం పొద్దున పదింటికి కట్టారు. నేనూ మాస్టారూ తప్ప ఎవరూ వినలేదు. ఇంకా మెరుగులు దిద్దాలి, నిర్మాతగారికి కూడా తర్వాతే వినిపిద్దామన్నారు."

నేను ఫైలుగారి వైపు తిరిగాను. "మీరు విన్నారా మూడో లైను?"

"ఇందాక ఇక్కడే మొదటిసారి. ఇంతకుముందు ప్రకటన ఒక్కటే విన్నాను. అరవై సార్లు."

"అయితే ఒక్క మాట ఒప్పుకోండి. ఆ మూడో లైను బయటివాళ్ళ నోట ఎవరి నోటైనా వస్తే?"

ఆయన పెన్సిల్ తీసి కాగితం మీద మూడో అంకె వేసి చుట్టూ సున్నా చుట్టాడు. "వస్తే, ఒప్పుకుంటాను," అన్నాడు.

కింద కారు తలుపు చప్పుడయింది. నాలుగు నలభై ఎనిమిది. నిర్మాత పన్నెండు నిమిషాలు ముందే వచ్చేశాడు.

*

నిర్మాత చూడ్డానికి మంచి మనిషిలాగే ఉంటాడు. నవ్వు మొహం, తెల్ల చొక్కా, వచ్చీరాగానే అందరి యోగక్షేమాలూ అడుగుతాడు. నన్ను చూసి, "మాస్టారి మరదలుగారు కదూ? మీ గురించి చాలా విన్నానమ్మా," అన్నాడు. కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు. దానిమీద పెన్ను పెట్టాడు. "నాకూ బాధగానే ఉందమ్మాయ్. ఆడపిల్లవి, పోలీసుల దాకా ఎందుకని. సంతకం పెట్టేసి వెళ్ళిపో. నేను మర్చిపోతాను, నువ్వూ మర్చిపో."

అమ్మాయి టేబుల్ దగ్గరికి నడిచింది. నేను వద్దన్నట్టు తల ఊపాను, చూడలేదు.

ఇక ఆగితే లాభం లేదని నేను అడ్డుపడ్డాను. ఏం అడగాలో నిజానికి తోచలేదు. ఎదురుగా ఉన్న మనిషి మీద అప్పటికి అనుమానం కూడా లేదు. ఒక రెండు నిమిషాలు దొరికితే చాలనుకున్నాను.

"ఒక్క నిమిషమండీ. నాకు సంగీతం తెలీదు. ఇందాకట్నుంచీ అందరూ ట్యూను ట్యూను అంటున్నారు, అందులో అంత గొప్ప ఏముందో నాకు ఎక్కలేదు. మీకు మంచి చెవి ఉందని మా అక్కయ్య అంటుంది. మీరైనా కాస్త పాడి వినిపించండి, ఈ గొడవ దేనికోసమో తెలుస్తుంది."

మా అక్కయ్య అలా ఎప్పుడూ అనలేదు. కానీ పొగిడితే పొంగిపోని మనిషిని నేనింతవరకు చూడలేదు.

"అయ్యో, నేనేం పాడతానమ్మా!" అంటూనే గొంతు సవరించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మొదటి లైను తీశాడు. ప్రకటనలో ఉన్నట్టే, గంతులేస్తూ. రెండోదీ అంతే. ప్రకటన ఎవరైనా వినొచ్చు, అందులో నేరం లేదు. ఇక ఆపుతాడనుకున్నాను. ఆయన చెయ్యి గాల్లో తిప్పుతూ హుషారుగా మూడో లైనులోకి వెళ్ళిపోయాడు.

మొద్దు చెవి నాది. నాకే తెలిసిపోయింది.

బావగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అమ్మాయి చేతిలోకి తీసుకున్న పెన్ను అలాగే ఉండిపోయింది. నిర్మాత కళ్ళు తెరిచి చప్పట్ల కోసం చూశాడు.

మాట్లాడింది ఫైలుగారు. "సార్, ఆ మూడో లైను ఎక్కడ విన్నారు?"

"ప్రకటనలో."

"ప్రకటనలో లేదు సార్."

"అయితే మాస్టారే వినిపించి ఉంటారు."

"నేను వినిపిస్తే అది అలా ఉండదండీ," అన్నారు బావగారు. "ఆ లైను వింటే ఏడుపు రావాలి."

ఫైలుగారు తన కాగితం తీసి మధ్యలో పసుపు పూయని ఆ రెండు లైన్ల కింద గీత గీశాడు. "పోయిన నెల ఆఖరి సోమవారం, మధ్యాహ్నం రెండు నలభైకి మీరెక్కడున్నారు సార్?"

"మిమ్మల్ని పెట్టుకున్నది నేను. నన్నే అడుగుతున్నారా?"

"ఔను సార్. అందుకే పోలీసుల కంటే ముందు నేనడుగుతున్నాను. గేటు దగ్గర వచ్చే కార్ల నంబర్లు రాస్తారు. ఆ పుస్తకం నిన్న నేనే చూశాను. ఈ అమ్మాయి బండి నంబరొక్కటే వెతికాను, అది నా తప్పు. మిగతా నంబర్లు చదవడానికి రెండు నిమిషాలు పట్టదు."

అప్పుడు మా బావగారు నుదురు కొట్టుకున్నారు.

"పరుపులు! ఆ పరుపుల కంపెనీ మీ వియ్యంకుడిదే కదండీ? ఈ ట్యూను వాళ్ళ ప్రకటనకి ఇవ్వమని మూడుసార్లు అడిగారు. చచ్చినా ఇవ్వనన్నాను. హాస్యానికి అడిగారనుకున్నానే!"

"ఈ ముక్క మూడూ పదికి చెప్పుంటే మీ సొమ్మేం పోయేది బావగారూ!" అని నేను అరిచిన అరుపుకి ముసలమ్మ కూడా ఉలిక్కిపడి ఉంటుంది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకునే టైము లేదు.

నిర్మాత మొహంలో నవ్వు లేదు. గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "అయితే ఏంటి? నా సినిమా కోసం నేను చేయించుకున్న ట్యూను. మావాళ్ళకి మాటిచ్చాను, మాస్టారు బెట్టు చేశారు. నాది నేను తీసుకెళ్ళాను. దాన్ని దొంగతనమని ఎవరంటారో చూస్తాను. రేపటినుంచి ఈ స్టూడియోలో ఎవరు పనిచేస్తారో, ఎవరికి ఎక్కడ పని దొరుకుతుందో అది కూడా చూస్తాను."

బెదిరింపు వట్టిది కాదని గదిలో అందరికీ తెలుసు. ఆయన ఒక్క ఫోన్ చేస్తే బావగారి చేతిలో ఉన్న మూడు సినిమాలూ పోతాయి. బావగారు మాత్రం ఆ సంగతే తోచనట్టు అమ్మాయి వైపే చూస్తున్నారు.

"మీదే అయితే," అంది అమ్మాయి. నేను వచ్చినప్పట్నుంచి ఆ పిల్ల గొంతు పెంచడం అదే మొదటిసారి. "మీది మీరే తీసుకెళ్ళుంటే, నేనిచ్చానని నా చేత ఎందుకు రాయించాలనుకున్నారు సార్?"

నిర్మాత కాగితం వెనక్కి తీసుకోబోయాడు.

ఆమె టేబుల్ మీదికి వంగింది. కాగితం చివర తన పేరు టైపు చేసి ఉన్నచోట పెన్నుతో అడ్డంగా ఒక్క గీత గీసింది. కాగితాన్ని ఆయన వైపుకి తిప్పి, పెన్ను దానిమీద పెట్టింది.

"'ట్యూను నేనే బయటికి ఇచ్చాను' అని ఉంది సార్. రాసింది సరిగ్గానే రాశారు. మీ పేరు వేసి సంతకం పెట్టండి."